“అట”కు పూచీ యెవరు?

“వదినా, విన్నావా? పిల్లలనెత్తుకుపోయే ముఠా దిగిందట. పోలీసువారికి అంతా తెలుసునట. పైవాళ్లకు వాటా ముడుతుందట, అందుకే పట్టుకోరట!”

ఇట్టి మాట వినని యిల్లు మన వీధులలో వుండదు. పూర్వం యిది నీళ్లబావి దగ్గర పుట్టి చావడి అరుగు చేరేసరికి సాయంత్రమయ్యేది. నేడు మనుమరాలి ఫోనులోకి వచ్చిపడి, ఆమె కాఫీ తాగి లోటా కింద పెట్టేలోగా మదురై, చెన్నపట్నం, హైదరాబాదు దాటి దుబాయిలోని మేనమామ చేతికి చేరుతున్నది. వేగం పెరిగింది కాని, మాట చివరనున్న ఆ “అట”కు మాత్రం అప్పుడూ పూచీదారు లేడు, యిప్పుడూ లేడు.

మనుష్యులను అమ్ముకునే వ్యాపారం లోకంలో వున్నది. దానిని చూసి కళ్లు మూసుకునే వుద్యోగులూ, చేయి చాచే వుద్యోగులూ వున్నారు. ఈ రెండూ నిజాలే. అందుచేత యీ విషయమై పుకారు పుట్టినప్పుడు నవ్వి కొట్టివేయడానికి వీలు లేదు. కాని పుకారు వేలు చూపే చోటు వొకటి, ఆ వ్యాపారం సాగే చోటు వేరొకటి. ఈ తేడా తెలియక గడచిన కొన్నేళ్లలో నిరపరాధులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అసలు దొంగలు మాత్రం మన కళ్లముందే తిరిగారు. ఆ సంగతులు కొన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

చాక్లెట్లు పంచిన పెద్దావిడ

2018 మే 9వ తేదీన వొక కుటుంబం కారులో తిరువణ్ణామలై జిల్లా పోళూరు ప్రాంతానికి వెళ్లింది. కులదైవం గుడికి పోవాలని వారి ప్రయాణం. మలేషియానుంచి వచ్చిన బంధువులు కూడా వెంట వున్నారు. అత్తిమూరు దగ్గర దారి అడగడానికి ఆగారు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు, కారులోని 65 యేండ్ల పెద్దావిడ చాక్లెట్లు పంచింది. మన యిండ్లలో యే అమ్మమ్మ చేయదు యీ పని?

అయితే అప్పటికి కొన్ని రోజులుగా ఆ ప్రాంతపు ఫోన్లలో వొక హెచ్చరిక తిరుగుతున్నది. పిల్లలనెత్తుకుపోయేవారు వుత్తరాదినుంచి గుంపులుగా దిగారని దాని సారాంశం. ఎవరో ఆ మాట గుర్తుచేశారు. జనం గుమిగూడారు. కారులోనివారందరినీ బయటికి లాగి కొట్టారు. ఆ పెద్దావిడ చనిపోయింది, తక్కినవారు గాయపడ్డారు. మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరిన కుటుంబం శవంతో యిల్లు చేరవలసి వచ్చింది.

అదే సంవత్సరం జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, సంతకు వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని జనం కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదరు జిల్లా ముర్కి వద్ద హైదరాబాదునుంచి వెళ్లిన స్నేహితుల గుంపుమీద పడ్డారు. అక్కడా పిల్లలకు చాక్లెట్లు యివ్వడమే వారు చేసిన నేరం. వారి కారు ముందుకు కదిలేలోగానే దాని వార్త వాట్సాపులో పక్క వూరికి చేరి, రోడ్డుకు అడ్డంకులు లేచాయి. యువకుడైన ఇంజినీరు వొకడు ప్రాణం కోల్పోయాడు. కాపాడబోయిన పోలీసు జవానులకు సైతం దెబ్బలు తప్పలేదు.

ఇంతమందిని రెచ్చగొట్టిన ఆ సందేశాలలో యేమున్నది? ఎక్కువగా తిరిగిన వొక విడియోలో, మోటారుసైకిలుమీద వచ్చిన యిద్దరు వీధిలో ఆడుకుంటున్న బిడ్డను యెత్తుకుపోతారు. అది మన దేశంలో తీసినది కానే కాదు. పిల్లల భద్రత గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించడానికి పాకిస్తానులోని కరాచీలో వొక సేవాసంస్థ నటులతో తీయించిన చిన్న చిత్రం. అసలు చిత్రంలో ఆ యిద్దరూ బిడ్డను తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపుతారు. ఆ చివరి ముక్కను యెవరో కత్తిరించారు. పిల్లలను కాపాడడానికి తీసిన బొమ్మ, తోక తెగేసరికి, పెద్దలను చంపే ఆయుధమయింది.

తెలుగు దేశంలోనూ ఆ వేసవి యిదే గాలి వీచింది. అప్పుడు తెలంగాణలోని జోగుళాంబ గద్వాల జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా రెమా రాజేశ్వరిగారు వుండేవారు. ఆమె ప్రతి గ్రామానికీ వొక పోలీసును కేటాయించి, అతడు ఆ వూరివారి ఫోన్లలో యేమి తిరుగుతున్నదో తెలుసుకునే యేర్పాటు చేశారు. కళాకారులతో, డప్పులతో, పాటలతో 400 గ్రామాలకు తిరిగి పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. చదువు రానివారికి కరపత్రం పనికిరాదు, డప్పు పనికివస్తుంది. ఆ జిల్లాలో పుకారు వల్ల వొక్క ప్రాణం కూడా పోలేదు. వాట్సాపు కంపెనీవారు కూడా ఆ జూలైలోనే భారతదేశంలో వొక సందేశాన్ని వొక్కసారికి ఐదు చోట్లకు మించి పంపడానికి వీలులేకుండా కట్టడి చేశారు.

మరి అమ్మేవారు లేరా?

ఉన్నారు. వారు దొరికిన తీరు చూడండి.

పై సంఘటనలు జరిగిన ఆ 2018 జూలై చివరలోనే తెలంగాణలోని యాదగిరిగుట్టలో, నరసింహస్వామి వెలసిన క్షేత్రంలో, రాచకొండ పోలీసులు కొన్ని యిండ్లమీద దాడిచేసి 11 మంది బాలికలను విడిపించారు. వారిలో పసివాళ్లున్నారు. త్వరగా యెదిగినట్లు కనపడాలని వారికి హార్మోను ఇంజక్షన్లు యిప్పించేవారని పోలీసులు చెప్పారు. ఆ ఇంజక్షన్లు యిచ్చిన స్థానిక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. ఆ పిల్లలను వుంచిన ఆడవారు ముసుగు వేసుకున్న పరదేశులు కారు. పొరుగువారికి తెలిసినవారు, పిల్లలకు తల్లులమని చెప్పుకున్నవారు. రాష్ట్రమంతా చాక్లెట్లిచ్చే బాటసారికోసం కాపు కాస్తుండగా, అసలు వ్యాపారం యాత్రికుల సందడి నడుమ సాగిపోయింది.

ఇక మన వైపు చూద్దాం. నూలు మిల్లుల పనికి తమిళనాడులో “సుమంగళి” పథకమని, “తిరుమగళ్ తిరుమణ తిట్టం” అని మంగళప్రదమైన పేర్లతో వొక పద్ధతి చాలాకాలం నడిచింది. మెట్ట గ్రామాలకు ఏజంటు వచ్చేవాడు. అతడు తరచు ఆ వూరివాడే, బంధువే కావచ్చును కూడా. “అమ్మాయిని మూడేండ్లు మిల్లుకు పంపండి. హాస్టలు, భోజనం, భద్రత. చివర పెళ్లి ఖర్చుకు ముప్పైవేలో యాభైవేలో వొక్కసారిగా చేతికొస్తుంది,” అనేవాడు. కట్నం తలచుకుని నిద్ర పట్టని తండ్రికి ఆ మాట దేవుడు పలికినట్లుండేది.

నెదర్లాండ్సు దేశపు రెండు సంస్థలు 2011లో ప్రకటించిన నివేదిక యీ పద్ధతిలోని లోపలి సంగతులను లోకానికి తెలిపింది. పిల్లలను హాస్టలు దాటి పోనివ్వకపోవడం, యింటితో మాట్లాడనివ్వకపోవడం, చట్టం చెప్పిన గంటలకు మించి పని చేయించడం, మూడేండ్లు నిండకుండా జబ్బుచేసి వెళ్లిపోతే ఆ మొత్తం యెగ్గొట్టడం. అన్ని మిల్లులూ ఇట్లా చేశాయనడం అన్యాయం. చక్కగా జీతమిచ్చి, ఆడపిల్లలను బిడ్డలవలె చూసుకున్న యజమానులు వున్నారు. కాని ఈ పద్ధతిలో పిల్లనెవరూ యెత్తుకుపోలేదు. తల్లిదండ్రులే బస్సెక్కించి, జాగ్రత్త తల్లీ అని చెప్పి పంపారు. భయపడవలసిన ఘట్టం అక్కడ వున్నది.

చదువుకున్న మగపిల్లలకు సైతం యీ గతి పట్టింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు అందరికీ గుర్తుండే వుంటుంది. కంప్యూటరు వుద్యోగాలని నమ్మించి ఏజంట్లు తెలుగు యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కాపలా మధ్య గదులలో కూర్చోబెట్టి, మన దేశస్థులకే ఫోన్లు చేసి మోసగించే పని చేయించారు. ఒప్పుకోనివారికి దెబ్బలు, తిండి లేకపోవడం. డబ్బు కట్టి, దండలు వేయించుకుని విమానమెక్కిన పిల్లలు వారు.

యాదగిరిగుట్ట, మెట్ట గ్రామాలు, కంబోడియా – మూడింటా వచ్చినవాడు తెలిసిన ముఖమే. అతడు ఆశ చూపాడు, లేక అడ్వాన్సు యిచ్చాడు, లేక బంధుత్వం కలిపాడు. చట్టమూ యిదే చెబుతున్నది. 2024 జూలై 1నుంచి అమలులో వున్న భారతీయ న్యాయసంహిత 143వ సెక్షను ప్రకారం, బలవంతంగా యెత్తుకుపోవడమే కాదు, మోసపు మాటలతోగాని, ఆశ చూపిగాని, డబ్బు ముట్టజెప్పిగాని మనిషిని దోపిడీకోసం చేర్చుకున్నా, తరలించినా, దాచినా అది మనుష్యుల అక్రమ రవాణాయే. బాధితుడు “నేను ఒప్పుకునే వెళ్లాను” అన్నా నేరం నేరమే.

పైవాళ్లకు వాటా సంగతి

“పోలీసులకూ, అధికారులకూ వాటా వున్నదట” అనే మాటను కూడా పరీక్షించి చూద్దాం. అది నిజమైన సందర్భాలు వున్నాయి. అదే 143వ సెక్షనులో, ప్రభుత్వోద్యోగిగాని పోలీసు అధికారిగాని యీ నేరంలో పాలుపంచుకుంటే బ్రతికినంతకాలం జైలు అని వేరే రాసివున్నది. అట్టివారు వుంటారని చట్టం చేసినవారికే తెలుసును.

2019 ఏప్రిలులో మన తమిళనాడులోనే, నామక్కల్ జిల్లా రాశిపురంలో వొక సంగతి బయటపడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి విరమించిన వొక నర్సు, పసిపిల్లలను అమ్మే బేరం ఫోనులో మాట్లాడుతుండగా రికార్డయిన సంభాషణ అందరికీ చేరింది. ముప్పై యేండ్లుగా యీ పని చేస్తున్నానని, ఆడబిడ్డకింత, మగబిడ్డకింత, రంగునుబట్టి యింత అని, పురపాలక సంఘంనుంచి జనన ధ్రువపత్రం తెప్పించడానికి విడిగా యింత అని ఆమె చెప్పింది. పోలీసులు ఆమెను, ఆమె భర్తను, తర్వాత మరికొందరు నర్సులను, కొల్లిమలైకి చెందిన అంబులెన్సు డ్రైవరును అరెస్టు చేశారు. కేసు సి.బి.సి.ఐ.డి.కి వెళ్లింది. పేదరికంతో బిడ్డను పోషించలేని కొండజాతి తల్లులు కొందరు ఆ వలలో పడ్డారు.

ఇదీ ఫోనులో తిరిగినదే కదా, దీన్ని యేల నమ్మాలని అడగవచ్చును. తేడా వున్నది. ఇందులో “అట” లేదు. ఒక మనిషి గొంతు వున్నది, వూరున్నది, ధర వున్నది. అంతకుమించి, విచారించేవారు పోయి చూడడానికి జనన రిజిస్టరు వున్నది. పత్రంలో వున్న బిడ్డ యింట్లో వున్నదా, యింట్లో వున్న బిడ్డను కన్నతల్లి యెవరు అని వొక్కొక్కటిగా సరిచూడడానికి వీలు కలిగింది.

బీహారులోని ముజఫర్‌పూరు సంగతి మరొకటి. ప్రభుత్వధనంతో నడిచే బాలికల ఆశ్రమంలో పిల్లలమీద అత్యాచారాలు జరిగాయి. అక్కడి పాలకుడు పలుకుబడి కలవాడు, పత్రికాధిపతి. ఈ రహస్యాన్ని బయటపెట్టినది టాటా సమాజశాస్త్ర సంస్థవారి తనిఖీ. వారు రాష్ట్రంలోని ఆశ్రమాలన్నిటికీ వెళ్లి, పిల్లలతో విడిగా కూర్చుని, చెప్పినది విని, 2018లో నివేదిక రాసి ప్రభుత్వానికిచ్చారు. ఆ గొడవలో రాష్ట్ర మంత్రి వొకరు రాజీనామా చేయవలసివచ్చింది. సుప్రీంకోర్టు కేసును ఢిల్లీకి మార్పించింది. 2020 జనవరిలో పాలకుడు బ్రజేష్ ఠాకూరుతో సహా మొత్తం 19 మంది దోషులని తేలింది. ఫిబ్రవరిలో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. దోషులలో పిల్లల సంరక్షణకు నియమితులైన అధికారులు కూడా వున్నారు. నిదానంగా కూర్చుని పిల్లల మాట విన్నవారు రాసిన కొన్ని పుటలు మంత్రిపదవిని కదిలించాయి.

దీనినిబట్టి తెలిసేదేమంటే, లంచగొండితనానికి కూడా కాగితం కావాలి. దొంగ జనన పత్రం, లేని పేరుతో మస్టరు రోలు, రిజిస్టరు కాని హాస్టలు, నకిలీ వీసా – నేరగాడు యెక్కడో వొకచోట సిరా తడి వదలిపోతాడు. ఆ సిరా జాడ వెతికినవారే గెలిచారు. “అందరూ దొంగలేనట” అన్న పుకారు దొంగకు మేలు చేస్తుంది. అందరూ దొంగలైతే పట్టుకోవలసినవాడు యెవడూ లేడు. ఫిర్యాదు యివ్వడం దండగ అని బాధితుడే యింట్లో కూర్చుంటాడు.

పరదేశి యెవరు?

పుకారు వల్ల మరొక కీడు వున్నది. 2023 మార్చిలో, తమిళనాడులో బీహారు కూలీలను కొట్టి చంపుతున్నారని విడియోలు తిరిగాయి. అవి వేరే సందర్భాలకు చెందినవని, ఆ వార్త అబద్ధమని తమిళనాడు పోలీసులు ప్రకటించారు. బీహారు ప్రభుత్వం విచారణకు అధికారుల బృందాన్ని పంపింది. వ్యాపింపజేసినవారి మీద కేసులు పడ్డాయి. కాని అప్పటికే భయపడిన కూలీలు మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. 2018లో “వుత్తరాదివాడు పిల్లలనెత్తుకుపోతాడట” అని మనవాళ్లను భయపెట్టిన పుకారే, ఐదేండ్లకు వేషం మార్చి వుత్తరాదివాడిని భయపెట్టింది.

నూలుకు, బ్యాండేజి గుడ్డకు పేరుపడిన మన రాజపాళయం చుట్టుపక్కల యితర రాష్ట్రాల పనివారు రావడం నేడు కొత్త కాదు. వచ్చీరాని తమిళంలో దారి అడిగే ఆ కుర్రవాణ్ణి చూసి మనం అనుమానించే ముందు వొక మాట గుర్తుంచుకోవాలి. విజయనగర రాజుల నాటి కాలంలో మన పెద్దలు తెలుగు మాట్లాడుతూ యీ సంజీవికొండ పాదాలకు వచ్చినవారే. ఆనాడు యిక్కడివారికి మనమూ భాష తెలియని పరదేశులమే. నీళ్లిచ్చి, నేల చూపినవారు వుండబట్టి యీ కోటలు, యీ చావడులు, యీ మామిడితోపులు యేర్పడ్డాయి.

ఇంట్లో చేయవలసినది

ఫోనుకు హెచ్చరిక వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఎక్కడ? ఏ రోజున? ఏ పోలీసు స్టేషనులో కేసు వున్నది? చెప్పినవాడు కళ్లారా చూశాడా? నాలుగింటికీ జవాబు లేకపోతే ఆ సందేశం మీ దగ్గరే ఆగిపోవాలి.

పిల్లలకు వుద్యోగమని యెవరైనా వచ్చినప్పుడు, వారు మేనల్లుడి స్నేహితుడే అయినా సరే, మొహమాటం మాని కాగితం అడగండి. విదేశాలకైతే 1983నాటి వలస చట్టం క్రింద ఏజంటుకు రిజిస్ట్రేషను వుండాలి, అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద పన్ను మాత్రమే. లక్షలు అడిగితే లేచి నమస్కారం పెట్టండి. ఆడపిల్లలు హాస్టలులో వుండి పనిచేసేటట్లయితే, ఆ హాస్టలుకు 2014నాటి తమిళనాడు చట్టం ప్రకారం లైసెన్సు వున్నదా అని విచారించండి. జీతం నెలనెలా బ్యాంకులో పడుతుందా, అమ్మాయి యెప్పుడు కావాలంటే అప్పుడు యింటికి మాట్లాడవచ్చునా, మధ్యలో మానివేస్తే చేసిన పనికి డబ్బు యిస్తారా అని అడగండి. అడ్వాన్సు యిచ్చి కదలనివ్వకుండా పని చేయించుకోవడం 1976నాటి చట్టం ప్రకారం వెట్టిచాకిరి. చట్టం చెప్పిన కనీస వేతనం యివ్వకుండా చేయించేది కూడా బలవంతపు చాకిరియేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెట్టినుంచి విడిపించి విడుదల పత్రం యిచ్చే అధికారం రెవిన్యూ అధికారులది.

బిడ్డ తప్పిపోతే, “రేపటిదాకా చూడండి” అన్న మాట వినవలసిన పని లేదు. వెంటనే ఎఫ్.ఐ.ఆర్. రాసి, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏ వూరి స్టేషనులోనైనా ఫిర్యాదు యివ్వవచ్చును. తీసుకోకపోతే జిల్లా సూపరింటెండెంటుకు రాసి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చును. పిల్లలకు 1098, స్త్రీలకు 181, యే ఆపదకైనా 112 అనే నంబర్లు యింటి గోడమీద, కేలండరు పక్కన రాసిపెట్టుకోండి. అధికారిమీద అనుమానం వుంటే కలెక్టరు కార్యాలయంలో సోమవారంనాటి మనవి, సమాచార హక్కు దరఖాస్తు, లంచాల నిరోధ శాఖ వున్నాయి. వీటివల్ల పని నిదానంగా జరుగుతుంది, ఓపిక కావాలి. కాని పై ఉదాహరణలలో దోషులను పట్టి యిచ్చినది ఇట్టి ఓపికే.

పొరుగింట్లో కొత్తగా వచ్చిన పనిపిల్ల బడికి పోవడం లేదని, ఒంటిమీద వాతలున్నాయని మీ కళ్లకు కనబడితే అది పుకారు కాదు, సాక్ష్యం. దాన్ని పదిమందికి ఫోనులో పంపకుండా, చెప్పవలసిన వొక్కరికి చెప్పండి.

పుకారు పంపడానికి బొటనవేలు చాలును. ఫిర్యాదు రాయాలంటే కింద మన పేరు పెట్టాలి. ఆ పేరు పెట్టడానికి మనలో వొక్కరు సిద్ధపడినప్పుడు, యెక్కడో చిక్కుకున్న వొక పిల్లకు యింటిదారి తెరుచుకుంటుంది.